సౌభాగ్యమ్మ సాక్ష్యం

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరే ముందు బందరు చిలకలపూడిలోని ఆ ఇంట్లో ఒక కుస్తీ జరిగేది. ఒక పక్క సౌభాగ్యమ్మ, వయసు అరవై ఆరు, చేతుల్లో శనగపిండి గిన్నె, కొబ్బరిపీచు. రెండో పక్క ఆమె మనవడు జాషువా, వయసు పదహారు, బరువు ఎనభై ఎనిమిది కిలోలు, చేతిలో ఫోను. గెలుపు ఎప్పుడూ సౌభాగ్యమ్మదే. ఎందుకంటే జాషువాకి ఒక చెయ్యే ఖాళీ.

"అబ్బా, మండుతోంది నాయనమ్మా!"

"మండకపోతే ఎలా వదుల్తుందిరా? మెడ చుట్టూ బొగ్గు రాసినట్టుంది. ప్రార్థనకి మోకాళ్ళేస్తే వెనకాల కూర్చున్నవాళ్ళకి కనపడేది నీ మెడేగా! సౌభాగ్యమ్మ మనవడికి స్నానం చేయించేవాళ్ళు లేరనుకోరూ?"

ఆరు నెలల నుంచి తోముతోంది. శనగపిండి అయింది, పెసరపిండి అయింది, నిమ్మతొక్క అయింది. నలుపు మాత్రం ఇంచు కదల్లేదు. దోషం సబ్బుదేమోనని సబ్బు మార్చింది. ఆ తర్వాత బందరు ఉప్పునీళ్ళ మీదకి తోసేసింది. నీళ్ళకి నోరు లేదు కనక అవి ఏమీ అనలేదు.

సౌభాగ్యమ్మ దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. బరువు పెరుగుతున్నవాళ్ళు, పెరగాల్సినవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళపాటు నాగాయలంక పక్కన ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా చేసింది. వేలాడే త్రాసుకి గుడ్డ ఉయ్యాల కట్టి ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనీ తూచింది. బరువు చార్టులో ఎర్రగీత కింద ఉన్న బిడ్డ కనపడితే ఆ పూట ఆవిడకి అన్నం దిగేది కాదు. తల్లి చేపల తట్టెత్తుకుని వెళ్ళిపోతే, వాళ్ళ గుమ్మంలోనే చతికిలబడి బిడ్డని ఒళ్ళో వేసుకుని, కబుర్లు చెప్పి, కాకిని చూపించి, "ఇంకో ముద్ద, ఇంకొక్క ముద్ద" అంటూ తినిపించేది. ఆ ఇంకో ముద్దతో బతికి బట్టకట్టినవాళ్ళు ఇవాళ రొయ్యల చెరువుల మీద పెత్తనాలు చేస్తున్నారు. ఒకడు పోలీసయ్యాడు. ఆవిడ నిజంగా గొప్ప పని చేసింది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆవిడ ఉద్యోగం రిటైరైంది గానీ చెయ్యి రిటైరవలేదు.

పైగా ఈ జాషువా నెలలు నిండకుండా పుట్టాడు. కిలో ఎనిమిది వందలు. ఊరందరి పిల్లల్నీ ఎర్రగీత దాటించినావిడ సొంత మనవడు ఎర్రగీత కింద పుట్టడం ఆవిడకి తలకొట్టేసినట్టయింది. వీణ్ణి కొండంత చేస్తానని ఆసుపత్రి వరండాలోనే దేవుడికి మాటిచ్చింది. దేవుడు ఆ మాట అడిగాడో లేదో తెలియదు, ఆవిడ మాత్రం నిలబెట్టుకుంది.

నాలుగేళ్ళ కిందట, రిటైరయ్యాక, బందరొచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. అంతకు ముందు ప్రతి ఆదివారం, ప్రతి సెలవూ మనవడికి తినిపించడానికే వచ్చేది. కొడుకు శామ్యూల్ రాజ్ కరెంటాఫీసులో పనిచేస్తాడు. కోడలు వినీల గుడివాడలో బడిపంతులమ్మ. పొద్దున ఏడింటి బస్సెక్కితే మళ్ళీ దీపాలవేళకే ఇల్లు చేరేది. అంచేత వంటిల్లూ, వంటింటితో పాటు జాషువా కూడా సౌభాగ్యమ్మ హయాంలోనే ఉండేవి.

జాషువా ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ మూడు వీధుల అవతల. ఆ మూడు వీధులకీ బాజీ ఆటో గుమ్మంలోకొచ్చి హారను కొట్టేది. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా బెంచీ మీద కూర్చోవడమే చదువు. కాలేజీకి ఆటస్థలం లేదా అంటే ఉంది, అడ్మిషన్లప్పుడు పంచిన రంగుల కాగితంలో. ఇంటికొచ్చి చెప్పులు విడవడం ఆలస్యం, సోఫాలో పడేవాడు. వాడు కూర్చునే చోట సోఫాకి గుంటపడింది. వాడు లేనప్పుడు పక్కింటి పిల్లి వచ్చి ఆ గుంటలో సుఖంగా పడుకునేది. ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో చిప్సు పాకెట్టు, పక్కన కూల్‌డ్రింకు, ఆ పైన గిన్నెడు నూడిల్సు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు పెద్దలు. వీడు కూర్చుని తింటుంటే కొండ పెరుగుతోంది.

ఏం తింటున్నాడో కూడా వాడికి ఎరుక ఉండేది కాదు. ఒకనాడు సౌభాగ్యమ్మ చిప్సు అయిపోయిన పాకెట్టులో కాకరకాయ వేపుడు పోసి పెడితే, ఫోన్లోంచి తలెత్తకుండా మొత్తం కరకరలాడించి "ఇంకున్నాయా" అని అడిగాడు. కాకరకాయకి ఆ ఇంట్లో అంత మర్యాద అంతకు ముందు జరగలేదు.

జూలైలో వాడికి జ్వరమొచ్చింది. తల్లీ, నాయనమ్మా కలిసి డాక్టరు రేష్మా దగ్గరికి తీసుకెళ్ళారు. చిన్న వయసు పిల్లే గానీ చెయ్యి మంచిదని బందరంతా అనుకుంటారు. జ్వరానికి మందు రాసి, చొక్కా కాలరు కిందకి లాగి మెడ వంక చూసింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?"

సౌభాగ్యమ్మ ముందుకొచ్చింది. "ఆర్నెల్లయింది డాక్టరమ్మా. తోమీ తోమీ నా చేతులు పడిపోతున్నాయి గానీ మురికి వదలట్లేదు. ఇక్కడి నీళ్ళు..."

"తోమకండి పెద్దమ్మగారూ. ఇది మురికి కాదు. ఒంట్లో చక్కెర లెక్క తప్పుతోందని చర్మం ముందే చెప్తోంది. ఇంకెవరూ చెప్పకపోతే పాపం అదైనా చెప్పాలిగా."

రక్తం తీసి మూడు నెలల షుగరు పరీక్ష చేయించింది. అయిదు పాయింట్ ఏడు లోపు ఉండాల్సింది ఆరు పాయింట్ ఒకటి వచ్చింది.

"ఇంకా షుగర్ రాలేదు," అంది డాక్టరు. "గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తలుపు తియ్యాలో లేదో మీ ఇష్టం. కూర్చున్నచోటే ఉండకుండా గంటకోసారైనా లేచి నిలబడాలి, నడవాలి. మూడు నెలలు టైమిస్తున్నాను. బరువు తగ్గి ఈ నంబరు దిగితే మంచిదే. పెరిగిందా, మాత్రలు మొదలెట్టాలి. ఈ వయసులో మొదలెట్టిన మాత్ర ఎన్నేళ్ళు మింగాలో నేను చెప్పలేనండీ."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సౌభాగ్యమ్మ తన చేతుల వంక చూసుకుంది. బిడ్డ ఒళ్ళు ఏదో చెప్పుకుంటుంటే ఆర్నెల్లపాటు దాన్ని పీచుతో తోమింది. అదీ ముప్పై ఒక్క ఏళ్ళు ఊరి పిల్లల ఆరోగ్యం చూసినావిడ!

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర వినీల చట్టం చదివింది. చిప్సు లేవు, నూడిల్సు లేవు, కూల్‌డ్రింకులు లేవు, ఫోన్లో ఆర్డరు పెట్టడాలు లేవు. "నేను పగలంతా ఇంట్లో ఉండను అత్తయ్యా. వాణ్ణి మీరే కనిపెట్టుకుని ఉండాలి."

"నువ్వు నిశ్చింతగా గుడివాడ వెళ్ళు వినీలా. నాకిది కొత్తా ఏంటి?" అంది సౌభాగ్యమ్మ. ముప్పై ఏళ్ళ సర్వీసు ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చింది. మర్నాడే పొడుగు నోటుపుస్తకం ఒకటి కొని గీతలు గీసి, జాషువా పేరు మీద రిజిస్టరు తెరిచింది.

అందులో మొదటి రోజు ఇలా రాసుకుంది: కూర్చున్నది, కాలేజీలో పది గంటలు, ఇంట్లో నాలుగు. నిలబడ్డది, పళ్ళు తోముకునేటప్పుడు. నడిచింది, సోఫా నుంచి ఫ్రిజ్ దాకా, రానూ పోనూ.

కాపలా అంటే అలా ఇలా కాయలేదు. వాడి కాలేజీ సంచీ రోజూ దులిపేది. జేబులు తడిమేది. వీధి చివర కొట్టు కోటేశ్వరరావుకి స్వయంగా వెళ్ళి, "మా వాడికి చిప్సు అమ్మితే నీ కొట్టు ముందు కూర్చుని ప్రార్థన పెడతా" అని చెప్పొచ్చింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. జాషువా కూడా మొదటి వారం కాస్త గునిశాడు గానీ తర్వాత సర్దుకున్నాడు. నడవమంటే మాత్రం ససేమిరా అన్నాడు. పరీక్షలు, హోంవర్కు, ఎండ, వాన, రోజుకొకటి అడ్డమొచ్చేది. ఆవిడా గట్టిగా పట్టుపట్టలేదు. ముందు తిండి సంగతి చూద్దాం, నడక ఎక్కడికి పోతుంది అనుకుంది.

బయటి చెత్త మాన్పించిన బిడ్డకి లోపల బలం తగ్గకూడదు కదా. అందుకని పొద్దున కాలేజీకి వెళ్ళేముందు పెద్ద స్టీలు గ్లాసుడు రాగిజావ. వట్టి జావ సయిస్తుందా, అందులో బెల్లం, చెంచాడు నెయ్యి, నాలుగు జీడిపప్పులు. సాయంత్రం రాగానే మళ్ళీ ఒక గ్లాసు. నీరసంగా ఉంటాడేమోనని సంచీలో రెండు సున్నుండలు, రాత్రి చదువుకునేటప్పుడు రెండు. పెరుగన్నంలో ఒక అరటిపండు. ఇవన్నీ చెయ్యడానికి తెల్లవారుజామునే లేచేది. మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తొచ్చేవి కావు. జాషువా గ్లాసు ఖాళీ చేసి కింద పెడితే, అడుగు కనపడిందో లేదో వంగి చూసి, పసిపిల్లలా సంబరపడిపోయేది.

నెల తిరిగింది. ఒక శనివారం సాయంత్రం శామ్యూల్ రాజ్ బరువు చూసే మిషను కొనుక్కొచ్చాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు. జాషువా ఊపిరి బిగబట్టి ఎక్కాడు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని ఎవరు చెప్పారో మరి. మిషను మాత్రం తొంభైన్నర చూపించింది.

జాషువా దిగి మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ తొంభైన్నరే.

"రెండున్నర కిలోలు పెరిగాడు," అంది వినీల. "ఏం తింటున్నావురా బయట?"

"ఏం తినట్లేదమ్మా."

"మరి గాలి తిని పెరిగావా? కాలేజీ క్యాంటీన్లో తింటున్నావా? ఫ్రెండ్స్ కొనిపెడుతున్నారా?"

"లేదమ్మా. ప్రామిస్."

"అబద్ధాలాడకు! రోజూ గుడివాడలో అరవైమంది పిల్లల మొహాలు చూస్తాను, నాకు తెలీదా?" అంది వినీల. పాపం, అలిసిపోయి వచ్చిన మనిషి, పైగా భయం. భయమేసిన తల్లికి కోపం తప్ప ఇంకో భాష గుర్తురాదు. "మీ నాయనమ్మ ఈ వయసులో నీకోసం ప్రాణం పెడుతుంటే దొంగతిండి తింటావా? సిగ్గులేదూ?"

శామ్యూల్ రాజ్ చెయ్యి చాపి కొడుకు ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. జాషువా ఒక్కసారి నాయనమ్మ వంక చూసి తల దించుకున్నాడు. ఆ చూపు ఏమిటో ఆవిడకి అర్థం కాలేదు. తప్పు చేసినవాడి చూపులా మాత్రం లేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక వినీల కోడికూర పొయ్యి మీద పెట్టింది. సౌభాగ్యమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని రిజిస్టరు తెరిచింది. మనవడు నిర్దోషి అని రుజువు చెయ్యాలని ఆవిడ పట్టుదల. నెల రోజుల పేజీలూ తిరగేసింది. బయటి తిండి అన్న గడిలో అన్నీ సున్నాలే. మరి ఇంట్లో తిన్నది? ఆ గడిలో అన్నం, కూర, పెరుగు అని ఉంది. జావ లేదు. సున్నుండ లేదు. రాయాలని తోచలేదు. జావ తిండెలా అవుతుంది, అది బలం కదా!

సరే, వినీలకి చూపించేటప్పుడు సమగ్రంగా ఉండాలని కలం తీసుకుని అవి కూడా రాయడం మొదలుపెట్టింది. జావ రెండు గ్లాసులు. బెల్లం ఇంత. నెయ్యి ఇంత. సున్నుండలు నాలుగు. అరటిపండు ఒకటి. కొలతలు ఆవిడ చేతికి కొట్టినపిండి. పొడి ఎంత, బెల్లం ఎంత, ఒక్కో బిడ్డకి ఎంత అన్నది ముప్పై ఏళ్ళు రోజూ కొలిచి పెట్టిన మనిషి. అలవాటు ప్రకారం కింద మొత్తం వేసి, ఎంతమంది పిల్లలకి సరిపోతుందో లెక్క కట్టింది.

ఆరుగురికి.

ఇంకోసారి కట్టింది. ఆరుగురికే. ఆ పల్లెలో గోడవారగా వరసలో కూర్చునే ఆరుగురు బక్కపిల్లలకి పెట్టాల్సిన బలమంతా, రోజు విడిచి రోజైనా కాదు, ప్రతి రోజూ, మూడు పూటల అన్నం మీద అదనంగా, సోఫాలో కదలకుండా కూర్చున్న ఒక్కడి పొట్టలోకి వెళ్ళింది. కోటేశ్వరరావు కొట్టుకి కాపలా పెట్టి, తనే కంచె అయి చేను మేసేసింది. కలం కిందపడింది. దాన్ని తీసుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు.

లేచి లోపలికి వెళ్ళింది. జాషువా మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. చేతిలో ఫోను లేకపోతే ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"జాషూ, నా జావ వల్లే పెరిగావురా నువ్వు."

వాడేమీ ఆశ్చర్యపోలేదు. అక్కడే ఆవిడకి అనుమానం తగిలింది.

"నీకు తెలుసా?"

"ఊ."

"ఎప్పట్నించి?"

"రెండో వారం నించి. ఫోన్లో కొట్టి చూశా. రాగులు, బెల్లం, నెయ్యి, మినపసున్ని, అన్నీ కొడితే ఎన్ని కేలరీలో లెక్క వచ్చేసింది."

"మరి చెప్పి చావొచ్చుగదరా! నిన్న మీ అమ్మ అన్నేసి మాటలంటుంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డావేం?"

జాషువా కాలి వేళ్ళతో నేల మీద గీస్తూ కూర్చున్నాడు. "నువ్వు పొద్దున్నే లేచి చేస్తావుగా. తాగి గ్లాసు పెడితే నవ్వుతావు. వద్దంటే నీ మొహం చిన్నబోతుంది. చిన్నప్పట్నించి అంతే." గియ్యడం ఆపి అన్నాడు, "నాకు చాలాసార్లు ఆకలుండదు నాయనమ్మా. నువ్వు బాధపడతావని తినేస్తాను."

సౌభాగ్యమ్మ మంచం పట్టె మీద కూలబడింది. పదహారేళ్ళ నుంచి వీడికి తను తినిపిస్తున్నాననుకుంది. వీడు తన ఆనందానికి తింటున్నాడు. నిన్న తల్లి చేత దొంగ అనిపించుకుని కూడా తనని పట్టివ్వలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఇలాంటి పిల్లాణ్ణి పెంచానన్న గర్వమూ, ఇలా పెంచానన్న సిగ్గూ రెండూ కలిసిపోయి, ఏది ఏదో ఆవిడకే తెలియలేదు.

భోజనాలకి పిలిచారు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. శామ్యూల్ రాజ్ ప్రార్థన ముగించి కూర గిన్నె మీదకి చెయ్యి పోనిచ్చాడో లేదో, సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. పైట భుజం నిండా కప్పుకుని, రెండు చేతులూ ముందు కట్టుకుంది. ఆ కుటుంబానికి ఆ వాలకం బాగా తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు అలాగే నిలబడతారు. అయితే ఆవిడ ఎప్పుడు సాక్ష్యం చెప్పినా దేవుడు తనకి చేసిన మేలు గురించే చెప్పేది. తను చేసిన తప్పు చెప్పడానికి లేవడం అదే మొదలు.

"అందరికీ వందనాలు," అంది, అలవాటు తప్పక. "ఈ నెలరోజులూ జాషువా బయట గింజ ముట్టలేదు. వాడు చెప్పింది నిజం. రోజూ ఆరుగురి తిండి వాడి చేత తినిపించింది నేను. వాడు వద్దనలేకపోయాడు. ఆ సంగతి వాడికి తెలిసి కూడా నిన్న నా పేరు చెప్పలేదు. తిట్లన్నీ వాడు తిన్నాడు. దొంగని నేను." అక్కడ పైట సర్దుకుంది. మళ్ళీ ఎత్తుకుంది. "పిల్లల్ని పెంచడమొకటే తెలుసు నాకు. తగ్గించడం తెలీదు. రేపట్నించి వంటింటి సంగతి నువ్వే చూసుకో వినీలా."

అమ్మ సాక్ష్యానికి ఆమెన్ అనాలో వద్దో తేలక శామ్యూల్ రాజ్ కూర గిన్నె మీదకి పోనిచ్చిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వినీల లేచి, ముందు కొడుకు దగ్గరికి వెళ్ళింది. వాడి తల మీద చెయ్యి పెట్టింది. "నిన్ను అబద్ధాలకోరన్నాను కదరా," అంది. "పర్లేదులేమ్మా," అన్నాడు వాడు, కూర వంక చూస్తూ. అప్పుడు అత్తగారి వైపు తిరిగింది. కోప్పడుతుందని సౌభాగ్యమ్మ సిద్ధపడే ఉంది.

"ఏడింటి బస్సెక్కే మనిషిని, వంటిల్లు నేనెక్కడ చూడనండీ? వంట మీరే చెయ్యాలి. మీ చేతి పప్పు తిన్నాక నా చేతిది మీ అబ్బాయికి దిగదు కూడా. కానీ ఒక్కటి. వడ్డన మాత్రం మీరు చెయ్యొద్దు. ఎవరి కంచంలో వాళ్ళే పెట్టుకుంటారు."

గరిటె లాక్కోవడమంటే ఆవిడకి చెయ్యి లాక్కున్నట్టే. అయినా తలూపింది. శామ్యూల్ రాజ్ జేబులోంచి ఫోను తీసి కొడుకు ముందు పెట్టి, "సాక్ష్యం అయిపోతే ఆ కూర గిన్నె ఇటు జరపమ్మా, చల్లారిపోతోంది" అన్నాడు. ఏడుస్తున్న సౌభాగ్యమ్మకి నవ్వొచ్చేసింది.

ఆ సాయంత్రమే నడక మాట కూడా తేలింది. ఎండా వానా అని ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ సాకులేనట. అసలు సంగతి, వీధి మలుపులో క్రికెట్టాడే పిల్లలు వాణ్ణి చూసి రోడ్డురోలరు అంటున్నారు.

"అంతేనా? పద, నేనూ వస్తా. ఒకటి కాకపోతే రెండు రోలర్లు, రోడ్డు ఇంకా సాఫీ అవుతుంది," అంది సౌభాగ్యమ్మ.

ఒకప్పుడు దివిసీమ కాలవగట్ల మీద రోజుకి ఆరేడు కిలోమీటర్లు నడిచినావిడ, మొదటి రోజు వీధి మలుపు దాకా వెళ్ళేసరికి స్తంభం పట్టుకుని రొప్పింది. బందరొచ్చి నాలుగేళ్ళయింది గానీ వంటింట్లోంచీ, టీవీ ముందు నుంచీ కదిలింది ఎప్పుడని! ఆవిడ సంగతి ఎవరూ రిజిస్టర్లో రాయలేదు. జాషువా ఆవిడ కోసం ఆగాడు. ఆవిడ అవస్థ చూసి క్రికెట్టు పిల్లలు రోడ్డురోలరు మాట మర్చిపోయి, మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చారు.

బాజీకి మాత్రం ఇదంతా బొత్తిగా నచ్చలేదు. జాషువా నాయనమ్మ తోడుగా పొద్దున కాలేజీకి కూడా నడిచి వెళ్ళడం మొదలెట్టేసరికి, ఆటోని వాళ్ళ పక్కనే నత్తనడకన పోనిస్తూ, "ఎక్కండమ్మగారూ, డబ్బులొద్దు. మీరలా నడుస్తుంటే నేను చూళ్ళేకపోతున్నా" అని బతిమాలేవాడు. "చూళ్ళేకపోతే కళ్ళు మూసుకో బాజీ. ముందు ఆటో ఆపి మూసుకో," అనేది ఆవిడ.

కాలేజీలో పది గంటల కూర్చోవడం ఎవరికీ తగ్గించే వీలు లేకపోయింది. జాషువా చివరి బెంచీకి మారి, గంటకోసారి లేచి గోడవారగా కాసేపు నిలబడేవాడు. "ఏంటి, డౌటా?" అని లెక్చరరు అడిగితే, "డౌటేం లేదు సార్, డాక్టరుగారు నిలబడమన్నారు" అనేవాడు. వారం తిరిగేసరికి ఇంకో ముగ్గురు నిలబడ్డారు. వాళ్ళకి ఏ డాక్టరూ చెప్పలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయంతే.

ఇంట్లో జావ ఒక చిన్న గ్లాసయింది, అదీ మజ్జిగ కలిపింది. అన్నం తినేటప్పుడు ఫోను టీవీ బల్ల మీద పెట్టాలన్నారు. అది అందరికీ వర్తిస్తుందనేసరికి అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది శామ్యూల్ రాజ్. మొదట్లో జాషువా కంచంలో తక్కువ పెట్టుకుంటుంటే సౌభాగ్యమ్మ చూడలేక మొహం గోడ వైపు తిప్పుకుని తినేది. ఒకటి రెండుసార్లు చెయ్యి గరిటె దాకా వెళ్ళింది కూడా. వినీల దగ్గితే వెనక్కొచ్చింది. కోనేరు సెంటరు దాకా నడిచిన రోజుల్లో లడ్డూ కొట్టు ముందు ఇద్దరి కాళ్ళూ నెమ్మదించేవి. ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుని ముందుకు సాగిపోయేవారు. ఒక్కసారి మాత్రం ఓడిపోయారు. చెరో సగం తిన్నారు. ఆవిడ ఆ సగాన్ని కూడా రిజిస్టర్లో ఎక్కించింది.

అక్టోబరులో మళ్ళీ రక్తం తీశారు. బరువు ఎనభై నాలుగు. నంబరు అయిదు పాయింట్ ఎనిమిది.

"మాత్రలక్కర్లేదు," అంది డాక్టరు రేష్మా. "ఇంకా గుమ్మం ముందే ఉంది గానీ రెండు మెట్లు దిగింది. మీరిలాగే ఉంటే వీధిలోకి పోతుంది. ఏం చేశారు పెద్దమ్మగారూ?"

"నేనేమీ చెయ్యలేదమ్మా," అంది సౌభాగ్యమ్మ. "చేసేది మానేశాను."

ఇంటికొచ్చేసరికి ఆవిడ మనసు గాల్లో తేలుతోంది. ఇంత మంచి రోజున బిడ్డకి ఏదో ఒకటి చేసిపెట్టకుండా ఎలా ఉంటారు ఎవరైనా? పొయ్యి వెలిగించింది. మూకుడు పెట్టింది. రవ్వ డబ్బా దించింది. నెయ్యి సీసా మూత తీసి చెంచా అందులో ముంచింది కూడా. అప్పుడు హఠాత్తుగా ఆవిడకి ఒక సంగతి తట్టింది. వందలమంది పిల్లలకి తినిపించింది. తినిపించే ముందు అడగాల్సిన ప్రశ్న వాళ్ళలో ఒక్కణ్ణి కూడా అడగలేదు. అక్కడ అడగాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు, వాళ్ళ మొహాలే చెప్పేవి. ఇక్కడ, ఈ ఇంట్లో, అడగాలని తోచలేదు.

చెంచా చేత్తో పట్టుకునే వంటింటి గుమ్మంలోకొచ్చింది. జాషువా పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

"జాషూ, నీకు ఆకలిగా ఉందా?"

వాడు తలెత్తాడు. నాయనమ్మ మొహం చూశాడు, చేతిలో చెంచా చూశాడు, వెనకాల వెలుగుతున్న పొయ్యి చూశాడు. ఏం చెప్తే ఆ మొహం విప్పారుతుందో వాడికి చిన్నప్పట్నించీ తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది.

"లేదు నాయనమ్మా," అన్నాడు.

ఆవిడకి చివుక్కుమంది. అయినా వాడు నాయనమ్మ మొహం కోసం కాక తన పొట్ట చూసుకుని ఇచ్చిన మొదటి జవాబు అదే. సౌభాగ్యమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి ఆపేసింది.